బొంగు చికెన్‌కి పోయిన యాంటెన్నా

మా కారెక్కిన పర్యాటకులు దాని యాంటెన్నాను విరిచి, దాంతో వెదురు బొంగులోంచి చికెన్ తోడుకుని తిన్నారు. ఈ మాట చెబితే మొదటిసారికి ఎవరూ నమ్మరు. రెండోసారి చెప్పించుకుని నవ్వుతారు. నాకు అప్పుడూ నవ్వు రాలేదు, ఇప్పుడూ రాదు.

ఆ సోమవారం సాయంత్రం కారు ఇంటి ముందు ఆగగానే ముందు వాసన దిగింది, ఆ తర్వాత మా ఆయన దిగాడు. మాది పాత కారు. అరకు స్టేషన్ దగ్గర పర్యాటకులను ఎక్కించుకుని గుహలకూ జలపాతాలకూ కాఫీ తోటలకూ తిప్పడం ఆయన పని. సాయంత్రం దాన్ని కడగడం నా పని. పదేళ్లుగా కడుగుతున్నాను కాబట్టి మనుషులు సెలవు రోజున ఎలా ఉంటారో నాకు బాగా తెలుసు. ఘాట్ మలుపుల్లో కిటికీలోంచి తల బయటపెట్టి కక్కుతారు. అది గాలికి వెనక తలుపు మీదుగా పాకి, ఇంటికి వచ్చేసరికి ఎండి పొలుసులు కడుతుంది. గుట్కా నమిలేవాళ్లు బయటికి ఉమ్మామనుకుని తలుపు అంచుకు ఉమ్ముతారు. పక్కనే కిటికీ ఉంటుంది, కాళ్ల దగ్గర నేను కట్టిన చెత్త సంచి ఉంటుంది, అయినా నమిలేసిన ఎముకలను సీటు వెనక జేబులో దోపి పోతారు, మళ్లీ వచ్చి తీసుకునేవాళ్లలాగా.

ఆ రోజు ఇవన్నీ ఉన్నాయి. వీటికి తోడు, ముందు చక్రం పైన రేకుకు బిగించిన యాంటెన్నా లేదు. వేలెడంత మొండి మాత్రం మిగిలింది.

"ఇదేటి? దీని తలకాయేది?" అన్నాను.

"కోడి ఇరుక్కుపోనాదంట" అన్నాడు మా ఆయన.

"కోడేటి, ఇరుక్కోడమేటి?"

"బొంగులోనే. ఆకులు గట్టిగా కుక్కీసి కాల్సినారు. ఎంత దులిపినా ముక్క రాలేదు. నాను టీకి ఎల్లినాను. వచ్చీసరికి ఒకడు దీన్ని ఇరిసీసి బొంగులో పెట్టి గెలుకుతన్నాడు."

"నువ్వేటన్నావు?"

"ఏటంతాను? ఇరిసీసినారు కదా. తినండి బాబూ అన్నాను."

విరిగిన ముక్క డిక్కీలో దొరికింది. ఒకదానిలో ఒకటి దూరే ఆ సన్నటి గొట్టాల నిండా మసాలా పట్టి, నూనె కారి, చివర ఒక కరివేపాకు అతుక్కుని ఉంది. ఏ వర్షాలకు తడిసిందో, ఏ కాకి రెట్టవేసిందో తెలియని ఇనుప పుల్లను నోట్లో పెట్టుకునే తిండిలో గుచ్చి తిప్పారు. నేను దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని పెరటి కుళాయి దగ్గరికి తీసుకెళ్లి బూడిదతో తోమాను. తోమాక తెలిసింది, గొట్టాలు నలిగిపోయాయని.

ఇంకో వారమైతే పోనీలే అనుకునేదాన్ని. మా ఆయనకు రేడియోతో పని లేదు. ఎక్కినవాళ్లు తమ ఫోన్లలోని పాటలే పెట్టుకుంటారు. కానీ ఆ శుక్రవారం ఒంటిగంటకు మా కారులో రేడియో మోగి తీరాలి. మోగిస్తానని నేను మాటిచ్చాను.

ప్రతి శుక్రవారం సంతకు కొండమీది ఊరి నుంచి ఒక ముసలామె విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్టలు మోసుకొస్తుంది. మా ఇల్లు సంత వీధి చివర కాబట్టి మా అరుగు మీదే కూర్చుని అమ్ముకుంటుంది. నేను ఆమెను మామ్మ అంటాను. ఆమె నన్ను గుంట అంటుంది, చిన్నపిల్లను పిలిచినట్టు. నాకు నలభై ఏడేళ్లు.

వాళ్ల ఊళ్లో చైత్రంలో విత్తనాల పండుగకు పాడే పాట ఒకటుంది. గింజ నేలలో పడకముందు, ఆ నెలలోనే పాడాలి. మిగతా నెలల్లో ఎవరూ నోటికి తెచ్చుకోరు. ఒకరు ఎత్తాలి, మిగతావాళ్లు అందుకోవాలి. ఎత్తేది మామ్మ. అత్తగారు పోయినప్పటి నుంచీ ఆమే. కిందటి కార్తీకంలో రేడియో వాళ్లు ఇద్దరు మైకుతో ఆ ఊరికి వెళ్లి, బతిమాలి, ఆమెతో ఆ పాట పాడించుకుని రికార్డు చేసుకున్నారు. నెల కాని నెలలో పాట ఎత్తిందని ఊరు ఆమె మీద తగువు పెట్టింది. తప్పు కింద కోడిని ఇచ్చుకోమన్నారు. ఇచ్చింది. ఇచ్చి, ఒక మాట అందట: నేను కార్తీకంలో ఊరికోసం పాడలేదు, పెట్టెలో దాచిపెట్టాను. చైత్రంలో పెట్టెలోంచి బయటికొస్తుంది. విత్తనం మాత్రం ముందే దాచుకోమా అని. ఆ మాటకు ఊరిపెద్ద ఆలోచనలో పడ్డాడు. చివరికి తీర్పు ఇలా చెప్పాడు: చైత్రంలో ఆ పాట రేడియోలో వస్తే, ఊరివాళ్లు చెవులతో వింటే, ఈ ఏడూ నువ్వే ఎత్తు. రాకపోతే నీ తోటికోడలు ఎత్తుతుంది.

మామ్మకు ఫోను లేదు, ఆ ఊళ్లో రేడియో లేదు. రేడియో వాళ్లకు నా నంబరు ఇచ్చింది. శనివారం వాళ్లు నాకు ఫోను చేసి, వచ్చే శుక్రవారం ఒంటిగంటకు వేస్తున్నామని చెప్పారు. పండుగ ఆ పై సోమవారం. నేను వెంటనే ఆ ఊరికి మందులు మోసుకెళ్లే ఆమెతో కబురు పంపాను, పెద్దనూ తోటికోడలినీ తీసుకుని సంతకు రమ్మని, మా కారులో వినిపిస్తానని. ఫోనులో వినొచ్చు కదా అంటారు. ఫోనులో ఉండే రేడియో ఎఫ్.ఎం. మాత్రమే పట్టుకుంటుంది. ఈ కేంద్రం మీడియం వేవ్. ఇక ఇంటర్నెట్ అంటారా, శుక్రవారం నాడు మా వీధిలో పర్యాటకులందరూ ఒకేసారి సంతను వీడియో తీస్తూ ఉంటే ఫోనులో చక్రం తిరగడం తప్ప ఇంకేమీ జరగదు.

ఈ తేడాలన్నీ నాకు ఎలా తెలుసో చెప్పాలి. నేను ఏడో తరగతితో బడి మానేశాను. పెళ్లయి సాలూరు నుంచి ఇక్కడికి వచ్చాక, మా ఊరి శాఖా గ్రంథాలయం ఊడ్చే పనికి కుదిరాను. మొదట్లో పుస్తకాల దుమ్ము దులిపేదాన్ని. తర్వాత దులుపుతూ పేర్లు చదివేదాన్ని. తర్వాత దులపడం మానేసి చదవడం మొదలుపెట్టాను. చీపురు గోడకు ఆనించి, నిలబడే చదివిన పుస్తకాలు ఎన్నో. చరిత్ర, తేనెటీగల పెంపకం, మనిషి చెవి నిర్మాణం, వాహనాల సంరక్షణ, ఏదైతే ఏం. అట్ట ఊడిన రేడియో పుస్తకం ఒకటుంది. దాన్ని నాకు ముందు తీసుకున్నవాళ్లెవరో ప్రతి పేజీ తిప్పడానికి ఉమ్మి రాసుకున్నట్టున్నారు, మూలలన్నీ గోధుమరంగుకు తిరిగి అట్టకట్టాయి. నేను వాటిని వెదురు పుల్లతో విడదీసుకుంటూ చదివాను. అందులో అంతా చదివాను, ఒక్క అధ్యాయం తప్ప. ఆ సంగతి తర్వాత.

మంగళవారం ఉదయం కారును మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లాం. మెకానిక్ మొండిని చూసి, నోట్లో ఉన్నది పక్కకు తోసుకుని, "హేంగర్ తీగ గుచ్చీస్తాను, మోగుతాది" అన్నాడు. గోడకు మేకుకు వేలాడుతున్న బట్టల హ్యాంగర్ ఒకటి తీశాడు. దానికి నెలల నాటి గ్రీజు, ఆ గ్రీజులో వెంట్రుకలు. అది పట్టుకున్న చేతిని అప్పుడే ప్యాంటుకు తుడుచుకున్నాడు, ఆ ప్యాంటుకు తుడిచాక చెయ్యి ఇంకా నల్లబడింది.

"వద్దు" అన్నాను.

"ఏల వద్దు? మొండి బాగానే ఉన్నాది కదమ్మా."

"రేడియో అంటే తీగ గుచ్చడం కాదు. పద్ధతుంటాది."

"పద్దతేటో నువ్వే సెయ్యి అయితే" అని హ్యాంగర్‌ను మళ్లీ మేకుకు తగిలించి, మా చక్రం పక్కనే ఉమ్మాడు.

దాన్ని గుచ్చి ఉంటే మోగేదని ఇప్పుడు నాకు తెలుసు. ఆ రోజు ఆ హ్యాంగర్‌ను చూసిన కళ్లతో ఎవరూ ఒప్పుకోరు.

బుధవారం సాలూరుకు ఒక కిరాయి తగిలితే నేనూ వెంట వెళ్లాను. ఒడిశా వైపు కొండలు చుట్టి దిగే దారి. దారి పొడవునా వెనక సీటులో కూర్చున్న పెద్దమనిషి నిమ్మకాయ వాసన చూస్తూ, మధ్యమధ్యలో ఆ కాయనే కొరికి, మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నేను ముందు సీటులో కళ్లు మూసుకున్నాను. సాలూరు లారీల ఊరు. ఏ బండికి ఏ ముక్క కావాలన్నా దొరుకుతుందని నా నమ్మకం. చిన్నప్పుడు మా వీధి నిండా లారీలే. బజారులో పెద్ద షాపుకు వెళ్లాను. షాపతను చేప రెక్కలా ఉన్న నల్లటి ప్లాస్టిక్ ముక్కను గాజు బల్ల మీద పెట్టాడు.

"ఇదే అందరూ ఎయించుకుంటన్నారు. గమ్ము ఉన్నాది, కారు పైన అంటించీడమే" అన్నాడు.

తిరగేసి చూశాను. అడుగున పసుపురంగు బంక పట్టీ తప్ప ఏమీ లేదు.

"దీనికి వైరేది?"

"వైరెందుకమ్మా? ఇది సోకుకి."

"రేడియో ఎలాగ మోగుతాది?"

"రేడియో మోగాలేటి?" అన్నాడు, నేను ఏదో సిగ్గులేని మాట అన్నట్టు. "ఈ రోజుల్లో రేడియో ఎవులు ఇంటన్నారమ్మా? ఏ కాలంలోన ఉన్నావు?"

అది యాంటెన్నా కాదు, యాంటెన్నా వేషం. లోపల డొల్ల. దానికి పెట్టెలూ రంగులూ బొమ్మలూ. అలాంటివి ఆ బల్ల కింద వరసగా పేర్చి ఉన్నాయి. ఇన్ని కార్లు నెత్తిన పనికిరాని ప్లాస్టిక్ రెక్క అంటించుకుని తిరుగుతున్నాయని అప్పటిదాకా నాకు తెలియదు. ఇంటికి వచ్చే దారిలో లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను. అద్దాలు కడిగినట్టు మెరుస్తున్న ప్రతి కారు మీదా అదే.

చివరికి సాలూరు శివార్లలో పాత బండ్లు విప్పే చోట దొరికింది. పాత జీపు మీది యాంటెన్నా. కింద దిమ్మ, మరలు, తీగ అన్నీ ఉన్నాయి. ఆ జీపు సీటులో కుక్క ఈని ఉంది. పిల్లల వాసన, మూత్రం వాసన, నానిన స్పాంజి వాసన. ముక్కుకు చెంగు కట్టుకుని నేనే విప్పాను, ఎందుకంటే అక్కడి మనిషి సుత్తి పట్టుకుని రాబోయాడు. "సుత్తేటి బాబూ, మరలుండగా?" అంటే, "మరలిప్పడానికి టైమేదమ్మా" అన్నాడు. ఆయన అరగంటగా అక్కడ కూర్చుని గోళ్లు తీసుకుంటున్నాడు.

గురువారం కూడా గ్రంథాలయానికి సెలవు పెట్టి కూర్చున్నాను. ముందు చక్రం గూడు పైన ఉన్న ప్లాస్టిక్ మూత తీశాను. అందులో ఎన్ని వానాకాలాల ఆకులో కుళ్లి నల్లటి ముద్దయ్యాయి. ఆ ముద్దలో ఎలుక గూడు. మా సీటు స్పాంజి కొరుక్కెళ్లి కట్టుకున్న గూడు, మధ్యలో చిప్స్ పొట్లం వెండి కాగితం, దాని మీద ఎండి అప్పడమైన ఎలుక. మా ఆయనను పిలిచి చూపించాను.

"పదేళ్లుగా దీన్ని ముందు పెట్టుకుని తోలతన్నావు."

"పాపం, ఇదొక్కటే టికెట్ లేకుండా తిరిగినాది" అన్నాడు.

యాంటెన్నా దిగే కన్నం చుట్టూ తుప్పు. ఆ తుప్పుకు గతంలో మా మెకానిక్ అడ్డం పెట్టింది ఏమిటో గోటితో గీకితే తెలిసింది. బబుల్‌గమ్. పంటి గాట్లు అలాగే ఉన్నాయి. ఎన్నేళ్ల కిందో ఒక మనిషి నోట్లో నలిగిన ముద్దను నేను ప్రతి సాయంత్రం వేలితో తుడుస్తూ వచ్చాను. ఆ గోరును సబ్బుతో మూడుసార్లు కడుక్కుని వచ్చి మళ్లీ పనిలో కూర్చున్నాను.

పాత తీగ కారు లోపలికి, డాష్‌బోర్డు వెనక్కి ఎక్కడెక్కడో దూరి వెళుతుంది. దాన్ని లాగేస్తే కొత్తదాన్ని దూర్చడానికి దారి తెలియదు. ఇందుకు పుస్తకం అక్కర్లేదు. లంగాకు పాత బొందు తీసేముందు దాని కొసకు కొత్త బొందు కట్టి లాగుతాం కదా, అలాగే పాత తీగ కొసకు కొత్త తీగ కట్టి ఇటు నుంచి లాగాను. పాతది బయటికి వచ్చింది, కొత్తది లోపలికి వెళ్లింది. ఆ పని మాత్రం ఏ మెకానిక్‌కూ తీసిపోకుండా చేశాను.

ఆ తర్వాతే నా చదువు అడ్డం వచ్చింది. వాహనాల సంరక్షణ పుస్తకంలో, తుప్పు కనిపిస్తే తెల్లటి లోహం వచ్చేదాకా గీకి, ఎర్ర ప్రైమరు పూసి, దాని మీద రెండు పూతలు రంగు వేయాలని ఉంది. నేను అక్షరం తప్పకుండా చేశాను. గీకాను, పూశాను, ఆరబెట్టాను, మళ్లీ పూశాను. కన్నం అంచులకు కూడా చిన్న కుంచెతో వేశాను. ఆ మురికి మీద, ఆ బబుల్‌గమ్ చోటు మీద గాజులాగా రంగు నిలిచింది. దాని మీద దిమ్మ పెట్టి మరలు బిగించాను. రేడియో పెట్టి చూస్తే ఎఫ్.ఎం.లో ఒక సినిమా పాట ఖంగుమని మోగింది. మీడియం వేవ్ కేంద్రం ఆ వేళ ప్రసారాలకు మధ్య విరామంలో ఉంది. ఇది మోగితే అదీ మోగుతుంది అనుకుని మూసేశాను.

శుక్రవారం పన్నెండున్నరకు మామ్మ, తోటికోడలు, ఊరిపెద్ద వచ్చారు. పెద్ద ఉతికిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. అంత శుభ్రమైన మనిషిని మా కారులో కూర్చోబెట్టడానికి సిగ్గేసింది. ముందు రోజే కడిగినా, ఎండకు సీట్లు వేడెక్కి లోపల దాగిన కంపంతా పైకి తేలింది. ఆయన ముందు సీటులో కూర్చుని ముక్కు ఎగబీల్చాడు.

"అమ్మా, ఈ కార్లోన ఎవులైనా సచ్చిపోనారేటి?"

"టూరిస్టులండి" అన్నాడు మా ఆయన.

మామ్మ, తోటికోడలు వెనక కూర్చున్నారు. మామ్మ చేతిలో ఒక అడ్డాకును మడుస్తూ, విప్పుతూ ఉంది. తోటికోడలు తెచ్చిన మిరపకాయల బుట్ట ఒళ్లో పెట్టుకుని హాయిగా ఉంది.

రేడియో పెట్టాను. వేడి పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చుయ్యిమంది. తిప్పాను. చుయ్యి. ఇంకొంచెం తిప్పాను. ఆ చప్పుడు వెనకాల ఎవరో మనిషి మాట్లాడుతున్నట్టు ఉంది, గోడ అవతల మాట్లాడినట్టు.

"అక్కా, నీ పాట బాగా ఏగతన్నాది" అంది తోటికోడలు. "ఇంకొంచెం నూనె ఎయ్యమను."

మామ్మ ఆకు మడవడం ఆపింది. "గుంటా, ఏటయినాది?" అంది నాతో.

"ఉండు మామ్మా, ఇప్పుడే పడతాది" అన్నాను.

పెద్ద చేతి గడియారం చూసుకున్నాడు. పది నిమిషాలు తక్కువ ఒంటిగంట. గడియారం మీది చొక్కా చేతిని మళ్లీ కిందికి లాక్కోలేదు.

నేను స్క్రూడ్రైవర్ తీసుకుని బయటికి పరుగెత్తాను. కారు ఆపిన చోటే కాలువ. సంతలో ఎండుచేపలు కడిగిన నీళ్లన్నీ అందులోకే వస్తాయి. యాంటెన్నా ఉన్న వైపు నిలబడాలంటే ఆ కాలువలో కాలు పెట్టాలి. పెట్టాను. చీలమండ దాకా దిగింది. వెచ్చగా, జిగటగా ఉంది. కాలి వేళ్ల మధ్య ఏదో మెత్తగా నలిగింది, ఏమిటో చూడలేదు. పుల్లను లాగాను, మరను బిగించాను. చుయ్యి. మర మీద స్క్రూడ్రైవర్ ఆనించి గట్టిగా తిప్పబోయేసరికి చెయ్యి జారి, దాని ఇనుప కాడ వెళ్లి బానెట్ మడతబందు దగ్గరి రంగు పోయిన బోల్టుకు తగిలింది.

కారులోంచి ఒక మగ గొంతు స్పష్టంగా, "...ఎకరానికి రెండు బస్తాల చొప్పున" అంది.

చెయ్యి తీశాను. చుయ్యి. మళ్లీ స్క్రూడ్రైవర్ కొస మర మీద, కాడ ఆ బోల్టు మీద పెట్టాను. "పైపాటుగా వేసుకోవాలి" అంది గొంతు. తీశాను, చుయ్యి. మూడోసారి పెట్టినప్పుడు అర్థమైంది. రేడియో పుస్తకంలో నేను వదిలేసిన అధ్యాయం పేరు భూమి సంబంధం. ఇంటి కప్పు మీద గెడ పాతి తీగ కట్టేవాళ్లకోసం రాశారనుకుని, కారుకు భూమేమిటని పేజీలు తిప్పేశాను. కారుకు దాని ఒంటి ఇనుమే భూమి. ఎఫ్.ఎం. ఎలాగో నెట్టుకొచ్చినా, మీడియం వేవ్‌కు యాంటెన్నా దిమ్మ ఆ ఇనుముకు తగలాలి. తగలకుండా మధ్యలో నేను మూడు పూతలు, గాజులాగా, ప్రేమగా పూశాను. అన్నేళ్లు ఆ తుప్పు, ఆ ఉమ్ము, ఆ బబుల్‌గమ్ ఉన్నా మోగిన రేడియోను శుభ్రం చేసి చంపాను. నా మీద నాకు పుట్టిన రోత ముందు కాలువ ఏపాటి.

విప్పి గీకడానికి టైము లేదు. స్క్రూడ్రైవర్‌ను అలాగే అదిమిపట్టి, వంగి నిలబడ్డాను.

"ఏటే, పుస్తకంలో ఇలాగే నిలబడమన్నారేటి?" అన్నాడు మా ఆయన, అరుగు మీద నుంచి.

"నువ్వు నోరు మూసుకుని సౌండు పెంచు."

ఒంటిగంట కొట్టింది. కార్యక్రమం మొదలైంది. మొదట ఏదో కోలాటం పాట. దాని తర్వాత ఒకావిడ తీయటి గొంతుతో, "ఇప్పుడు మన్యం మహిళలు పాడిన విత్తనాల పాట" అంది. అంతే. మామ్మ పేరు లేదు, ఊరి పేరు లేదు. మన్యం మహిళలు! కోడిని ఇచ్చుకున్నది ఒక్కతే.

"పేరు సెప్పలేదే" అన్నాడు పెద్ద.

పాట ఎత్తుకుంది. కింద ఎవరో వేణువు కలిపారు, చక్కెర పాకంలాగా. వాళ్ల పాటకు డప్పు కూడా ఉండదు. నాకు బయట వంగి ఉన్నచోటికి గొంతు సగం వినిపిస్తోంది, సగం సంత గోల. స్క్రూడ్రైవర్ జారినప్పుడల్లా చుయ్యిమంటోంది, లోపలి నుంచి ముగ్గురూ "ఓయ్" అంటున్నారు, మళ్లీ అదుముతున్నాను. నాలుగో చరణం వచ్చింది.

"అదిగో!" అంది తోటికోడలు. "మింగీసినాది."

"ఏటి మింగీసినాది?" అన్నాడు పెద్ద.

"కొర్రలు అనే మాట దగ్గిర గుటక ఏస్తాది. మా అత్త బతికుండగా ఎన్ని తిట్లు తిట్టినాదో. ఇంకెవులికీ ఈ గుటక రాదు. ఇది అక్కే. పేరెందుకు, గుటక ఇనపడలేదేటి?"

పెద్ద చెవి స్పీకరు దగ్గర పెట్టాడు. పాట తిరిగి ఆ మాట దగ్గరికి వచ్చింది. గుటక పడింది. ఆయన మొదటిసారి నవ్వాడు. పాట అయ్యాక, చొక్కా చేతిని గడియారం మీదికి లాక్కుని, "సరే. సోమారం నువ్వే ఎత్తు" అన్నాడు.

మామ్మ కదల్లేదు. ఆమె ముఖం చూసి నేను స్క్రూడ్రైవర్ వదిలేశాను. రేడియో మళ్లీ చుయ్యిమంది. పులిసిన కల్లు నోట్లో పోసుకున్నట్టు ఆమె మూతి వంకరపోయింది.

"నాను ఎత్తను" అంది.

"ఏల?" అన్నాడు పెద్ద.

"అదేటి గొంతు? మేకపిల్లను తొక్కినట్టు ఉన్నాది. ఛీ. నాను అలాగ పాడతానేటి? ఇన్నేళ్లు అలాగ అరుస్తంటే ఒక్కరూ సెప్పలేదేటి?" కారు దిగి కాలువలోకి ఉమ్మింది. "నా సెవులకి నా గొంతు ఇలాగ ఇనపడదు. ఇది నాది కాదు. నాదయితే మరి ఎత్తను."

ఈ సంగతి నాకు తెలుసు. చెవి నిర్మాణం పుస్తకంలో ఉంది. మన గొంతు మనకు గాలిలోంచే కాదు, దవడ ఎముకల్లోంచి కూడా వినిపిస్తుంది, అందుకే లావుగా, బాగా ఉన్నట్టు ఉంటుంది. బయటివాళ్లు వినేది వేరు. బురద కాలుతో ఆమె ముందు నిలబడి అదంతా చెప్పాను.

"నీ పుస్తకంలోన అలాగ ఉన్నాదేటి?" అంది మామ్మ. "రంగు పుయ్యమన్నాది కూడా అదే పుస్తకమేటి?"

మా ఆయన అరుగు మీద పడి పడి నవ్వాడు. అది వేరే పుస్తకమని చెప్పాలని నోటి దాకా వచ్చింది.

తోటికోడలు మిరపకాయల బుట్ట ఎత్తుకుని కారు దిగింది. "ఓలక్కా" అంది, "నీ సెవిలోన నీ గొంతు ఎలాగుంటాదో మాకెందుకు? మేము ముప్పై ఏళ్ల నుంచీ ఇంటన్నది ఈ మేకనే. ఈ మేక ఎత్తితేనే మాకు అందుకోడం వచ్చు."

"నువ్వెత్తు. నీకే కదా కావాలి."

"కావాలి. ఇందాకటి దాకా కావాలి. ఇప్పుడు ఇంటే తెలిసినాది, నాకు నాలుగో చరణం రాదు. అక్కడికొచ్చీసరికి నీ గుటకే ఇనుకుని దాటేస్తన్నాను ఇన్నాళ్లూ." బుట్టను నెత్తిన పెట్టుకుంది. "ఎత్తకపోతే సోమారం గింజలు ఊరికే సల్లుకోవాల. నీ ఇష్టం."

ఆమె జవాబు కోసం ఆగకుండా సంతలోకి వెళ్లిపోయింది. పెద్ద కూడా లేచి, చొక్కాకు అంటిన వాసన ఒకసారి చూసుకుని, మొహం చిట్లించి వెళ్లాడు. నేను కుళాయి దగ్గర కాలు కడుక్కుంటూ ఉన్నాను. వేళ్ల మధ్య ఇరుక్కున్నది చేప తల. గిల్లి పారేసి తిరిగి చూసేసరికి మామ్మ అరుగు మీద తన కట్టల పక్కన కూర్చుని, ఒక చెవిని అరచేత్తో గట్టిగా మూసుకుని, ఎవరికీ వినపడకుండా నాలుగో చరణం పాడుకుంటోంది. కొర్రల దగ్గరికి వచ్చింది. గుటక పడింది.

"ఛీ" అంది. మళ్లీ మొదలుపెట్టింది.